బండి పైకప్పూ, బంధించిన గాలీ

ఈమధ్య ఎవరింటికి గృహప్రవేశానికి వెళ్ళినా, దేవుడి గది తర్వాత చూపించేది "హైడ్రాలిక్ మంచం". పరుపుతో సహా పైకి లేస్తుంది. కింద పెట్టెలో పాత దుప్పట్లూ, పట్టుచీరల మూటలూ, పెళ్ళిలో వచ్చి ఇంతవరకూ పొయ్యి ఎక్కని స్టీలు గిన్నెలూ! ఇంటావిడ ఒక్క చేత్తో దాన్ని అలా పైకెత్తి చూపిస్తుంటే చూడముచ్చటగా వుంటుంది. ఆ మంచంలో హైడ్రాలిక్ ఏమీ లేదని చెప్పి ఆవిడ సంతోషాన్ని పాడు చెయ్యటం భావ్యం కాదు కనుక అక్కడ నేనేమీ అనను. ఇక్కడ మాత్రం చెబుతాను. హైడ్రాలిక్ అంటే ద్రవం ఒత్తిడితో పని చేసేది. మంచానికి రెండు పక్కలా వుండే ఆ నల్ల గొట్టాల్లో పని చేసేది ద్రవం కాదు, గాలి. వాటిని గ్యాస్ స్ప్రింగులంటారు.

గ్యాస్ అనగానే మనకి వంటింటి సిలిండరు గుర్తొచ్చి భయం వేస్తుంది. భయపడక్కర్లేదు, యిది మండే గ్యాసు కాదు, నైట్రోజన్. మనం పీల్చే గాలిలో 78 పాళ్ళు వుండేది అదే. మామూలు గాలే నింపకూడదా అంటే, గాలిలో వుండే తేమ లోపల తుప్పు పట్టిస్తుంది, ఆక్సిజన్ వున్నచోట నూనె వుంటే ప్రమాదం. నైట్రోజనయితే దేనితోనూ కలహం పెట్టుకోదు. ఉమ్మడి కుటుంబంలో నోరెత్తని తోడికోడలి లాంటిది.

ఈ గొట్టానికి మూలపురుషుడు రాబర్ట్ బాయిల్. ఐర్లండులో పుట్టిన సంపన్నుడు. 1660లో ఇంగ్లండులో ఒక పుస్తకం వేశాడు. ఆ పుస్తకం పేరులోనే "గాలి స్ప్రింగు" అనే మాట వుంది. గాలిని నొక్కితే నలుగుతుంది, వదిలితే మళ్ళీ విప్పారుతుంది, దూదిపరుపులాగా. 1662లో దానికి లెక్క కట్టి చూపించాడు. ఒక చివర మూసి, వంకీ తిప్పిన గాజుగొట్టంలో కొంత గాలిని బంధించి, రెండో చివరనుంచి పాదరసం పోస్తూ పోయాడు. వాతావరణం ఒత్తిడికి సరిసమానమైనంత పాదరసం, అంటే 29 అంగుళాల పై చిల్లర, అదనంగా నిలబడేసరికి లోపలి గాలి సగానికి కుంచించుకుపోయింది. ఒత్తిడి రెట్టింపయితే పరిమాణం సగం. హైస్కూల్లో బట్టీ పట్టిన బాయిల్ సూత్రం అదే. పరీక్షలో అయిదు మార్కులొచ్చాయి, మరిచిపోయాం. అది యాభయ్యేళ్ళ వయస్సులో పరుపు కింద కనిపిస్తుందని అప్పుడెవరు చెప్పారు!

బాయిల్ గురించి మరో సంగతి చెప్పకపోతే నాకు తోచదు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. 1668 నుంచి చివరిదాకా లండన్‌లో తన అక్క కాథరిన్, అంటే లేడీ రానెలా యింట్లోనే వున్నాడు. ఆవిడ మహా విదుషి. తమ్ముడి ప్రయోగశాల కూడా ఆ యింట్లోనే. యింటి ఆడమనిషికి ఆ పొగా, ఆ వాసనలూ, వచ్చేపోయే పండితులూ ఎంత పనో ఆలోచించండి. 1691 డిసెంబరులో ఆవిడ పోయింది. వారం రోజుల తేడాలో ఆయనా పోయాడు. సూత్రానికి ఆయన పేరు మిగిలింది.

ఆ గాలి ప్రయోగాల కాలంలో బాయిల్ దగ్గర సహాయకుడిగా వుండి గాలిపంపు తయారుచేసి పెట్టినవాడు రాబర్ట్ హుక్. ఇనపస్ప్రింగు సూత్రం ఆ హుక్‌దే, 1678లో అచ్చయింది. ఎంత సాగదీస్తే అంత బలంగా గుంజుతుంది, ఎంత నొక్కితే అంత బలంగా తంతుంది. చూశారా, గాలి స్ప్రింగూ ఇనపస్ప్రింగూ ఒక్క చూరు కింద పెరిగిన పిల్లలే. పెద్దయ్యాక వాటి స్వభావాలు వేరయ్యాయి. ఆ తేడా ముందు ముందు మనకి పనికొస్తుంది.

బరువు ఎత్తటానికి సాయం కావాలనే ఆలోచన స్ప్రింగులకంటే చాలా పాతది. మన పల్లెల్లో ఏతం చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక పక్క నీళ్ళ బాన, యింకో పక్క దూలం మీద అటూ ఇటూ నడిచే మనిషి. బరువుకి బరువే విరుగుడు. రైల్వే గేటు దూలానికి వెనకవైపు ఇనపదిమ్మ వుండేదీ అందుకే. కాని బరువుకి బరువు కట్టుకుంటూ పోతే బండి కదలదు. 1932లో జార్జ్ కార్వర్డైన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు దిమ్మలు లేకుండా ఇనపస్ప్రింగులతోనే తూకం కుదిర్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన కార్ల స్ప్రింగుల మనిషి. దానితో తయారయిందే ఎటు వంచితే అటు నిలబడే బల్లదీపం, యాంగిల్‌పాయిజ్. దీపం తేలిక కనుక సరిపోయింది. యింటి కప్పంత బరువుకయితే ఆ స్ప్రింగులు ఏనుగు కాళ్ళంత లావు కావాలి.

జర్మనీలో రైన్ నదీ, మోసెల్ నదీ కలిసే చోట కోబ్లెంట్స్ అనే వూరుంది. అక్కడ 1934లో మొదలయిన స్టాబిలుస్ అనే కంపెనీ 1962లో గ్యాస్ స్ప్రింగుల్ని పెద్ద ఎత్తున తయారు చెయ్యటం మొదలుపెట్టింది. బాయిల్ సూత్రం అచ్చయి సరిగ్గా మూడువందల ఏళ్ళు! తర్వాత అవి కార్ల వెనక తలుపులకి వచ్చాయి, ఆఫీసు కుర్చీల్లోకి వచ్చాయి, చివరికి మన మంచాల్లోకి.

గొట్టం లోపల ఏముందో చెబుతాను. కోసి చూసే పని మాత్రం ఎవరూ చెయ్యకండి. మూసేసిన ఉక్కు గొట్టం, అందులోకి పోయి వచ్చే నున్నటి కడ్డీ, కడ్డీ చివర చిన్న బెజ్జాలున్న పిస్టను. నైట్రోజన్ పిస్టనుకి రెండు వైపులా వుంటుంది. మరి దేన్ని నెడుతుంది? పిస్టనుకి ఒక వైపు మొత్తం వైశాల్యం మీద ఒత్తిడి పడుతుంది, రెండోవైపు కడ్డీ ఆక్రమించినంత మేర పడదు. ఆ కాస్త తేడాయే కడ్డీని బయటికి తోస్తుంది. 8 మిల్లీమీటర్ల కడ్డీ అంటే, దాని అడ్డుకోత వైశాల్యం అర చదరపు సెంటీమీటరు. లోపల ఒత్తిడి, చదరపు సెంటీమీటరుకి వంద కిలోలు అనుకోండి. అప్పుడు తోపు యాభై కిలోలు. మన ప్రెషర్ కుక్కరు కూత పెట్టేటప్పుడు లోపల బయటికంటే ఎక్కువగా వుండే ఒత్తిడి సుమారు ఒక్క కిలో. అంటే యిది అలాంటి వంద కుక్కర్ల పెట్టు! అందుకే కొయ్యొద్దన్నాను.

లోపల కాస్త నూనె కూడా పోస్తారు. కడ్డీ బయటికొచ్చే చోట వుండే రబ్బరు సీలుని తడిగా వుంచటానికీ, చివరకొచ్చేసరికి కప్పు ధడాలున తగలకుండా నెమ్మదింపచెయ్యటానికీ. ఇనపస్ప్రింగుకీ దీనికీ తేడా యిక్కడే. ఇనపస్ప్రింగు సాగేకొద్దీ తోపు సన్నగిల్లిపోతుంది. ఇందులో కడ్డీ బయటికొస్తున్నా గొట్టంలో జాగా పెరిగేది కొంచెమే కనుక, తోపు మొదటినుంచీ చివరిదాకా ఇంచుమించు ఒక్క తీరుగా వుంటుంది.

ఇప్పుడు బండి కథ. 1947 ఏప్రిల్‌లో బెన్ పాన్ అనే డచ్చి వ్యాపారి తన నోటుపుస్తకంలో రొట్టెముక్క లాంటి ఒక బండి బొమ్మ గీశాడు. ముందు డ్రైవరు, వెనక ఇంజను, మధ్య అంతా ఖాళీ. 1950 మార్చిలో జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ ఆ బండిని తయారు చెయ్యటం మొదలుపెట్టింది. యుద్ధంలో నేలమట్టమయిన దేశం. జనానికి సరుకు మోసే బండి కావాలి, ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళే బండీ కావాలి, రెండు కొనే స్తోమతు లేదు. వీడెన్‌బ్రుక్ అనే వూళ్ళో 1844 నుంచీ గుర్రబ్బళ్ళు చేసిన వెస్ట్‌ఫాలియా కంపెనీ 1951లో ఆ ఖాళీ బండిలో అమర్చుకునే సామాను పెట్టెలు తయారుచేసింది. పరిస్తే పడక, మడిస్తే బెంచీ, పక్కన పొయ్యి, అలమర. సోమవారం తీసేస్తే మళ్ళీ కూరగాయల బండే.

అన్నీ అమరాయి గాని ఒక్కటే లోటు, నిలబడటానికి లేదు. వంగుని వంట చెయ్యాలి, వంగుని చీర... వాళ్ళకి చీరలు లేవనుకోండి, వంగుని గౌను మార్చుకోవాలి. కప్పు ఎత్తు చేద్దామా అంటే గాలికి బండి వూగుతుంది, పెట్రోలు తాగుతుంది, షెడ్డులో పట్టదు. అందుకని ఆగినప్పుడు లేచి, కదిలేటప్పుడు పడుకునే కప్పు కనిపెట్టారు. ఇంగ్లండులో ఫోక్‌స్టన్ అనే సముద్రతీరపు వూళ్ళో మార్టిన్ వాల్టర్ అనే పాత కంపెనీ తయారుచేసిన డోర్మొబీల్ బండికి కప్పు ఒక పక్కకి తెరుచుకునేది, చారల గుడ్డతో, బొంగరం బొమ్మల పుస్తకంలా. వెస్ట్‌ఫాలియా వాళ్ళ కప్పు ముందో వెనకో తెరుచుకునేది. 1973 దాకా వచ్చిన బళ్ళలో కీలు ముందువైపు, 1974 నుంచి వెనకవైపు. పైన యిద్దరు పడుకునే పడక, చుట్టూ కాన్వాసు గోడలు, దోమతెర కిటికీలు.

ఈ బళ్ళని మనవాళ్ళూ చూశారు. ఇస్తాంబుల్ నుంచి టెహరాన్, కాబూల్ మీదుగా ఢిల్లీకీ, గోవాకీ, ఖాట్మండూకీ యూరప్ కుర్రకారు వచ్చిన దారిలో ఈ వ్యానులు ఎన్నో. మన పెద్దవాళ్ళు వాళ్ళని హిప్పీలన్నారు. 1971లో దేవానంద్ వాళ్ళ మీద "హరే రామ హరే కృష్ణ" సినిమాయే తీశాడు. 1979లో ఇరాన్‌లో విప్లవం, ఆ ఏడాది చివర అఫ్ఘనిస్తాన్‌లోకి రష్యా సైన్యాలు. దాంతో ఆ దారి మూసుకుపోయింది.

పాత ప్రచారపుస్తకాల బొమ్మలు కొన్ని చూశాను. లేచిన కప్పు కింద ఇల్లాలు నవ్వుతూ కాఫీ పోస్తూ వుంటుంది. కిటికీలకి గళ్ళ కర్టెన్లు. నేను చూసిన వాటిలో కప్పు లేపుతున్న ఆడమనిషి బొమ్మ ఒక్కటీ లేదు. అది ఎవరి పనో అచ్చేసినవాళ్ళకి అనుమానమే లేదు కాబోలు. కొక్కెం విప్పి, బండి లోపల నిలబడి, రెండు చేతులూ తలమీంచి చాచి, కమ్మీల చట్రం టక్కుమని పడేదాకా పైకి తొయ్యాలి.

మా పెద్దనాన్నగారి అబ్బాయి, మా అన్నయ్య అమెరికాలో ఓరెగన్ రాష్ట్రంలో వుండేవాడు. ముప్ఫై ఏళ్ళ క్రితం అలాంటి పాత వెస్ట్‌ఫాలియా బండి ఒకటి కొన్నాడు. అక్కడ ముద్దుగా "వెస్టీ" అంటారు. పిల్లలు పై పడక మీద, వీళ్ళిద్దరూ కింద. ఆవకాయ సీసా, రైసు కుక్కరు, వదిన విష్ణుసహస్రనామాల పుస్తకం. ఎన్ని సముద్రతీరాలు తిరిగారో! అన్నయ్య పోయేనాటికి వదినకి అరవై రెండేళ్ళు. బండి షెడ్డులో నిలబడిపోయింది. నడపటం వదినకి బాగా వచ్చు. కప్పే లేవదు. ఆ కప్పు మీద అన్నయ్య చివరి రోజుల్లో సోలారు పలక కూడా బిగించి బరువు పెంచాడు.

కొడుకులు అమ్మేద్దామన్నారు. కొనేవాడు కూడా వచ్చాడు.

"అమ్మితే డబ్బొస్తుంది, నిజమే. కాని అమ్మేది ఎందుకటమ్మా? నాకు చేతుల్లో బలం లేదని. బలం లేకపోవటం నా తప్పా, దాని తప్పా?" అంది ఫోనులో.

"మీ తప్పేముంది వదినా, కప్పుదే తప్పు," అన్నాను.

"అయితే దానికే వైద్యం చేయిస్తాను," అంది.

చేయించటం కాదు, తనే చేసింది. బి.యస్సీ. లెక్కల్లో పాసయిన మనిషి. నాకు ఫోనులో చెప్పిన లెక్క ఇదీ. కప్పు బరువు 40 కిలోలు, పొడవు 2 మీటర్లు, కీలు ఒక చివర. బరువు మధ్యలో, అంటే కీలుకి మీటరు దూరంలో వున్నట్టు. రెండో చివర చెయ్యి పెట్టి ఎత్తితే సగమే, 20 కిలోలు. సగమేనని అంత తేలిగ్గా అనకండి, పాతిక కిలోల బియ్యం బస్తాకి కాస్త తక్కువ, అదీ తలమీద చేతులు చాచి! గ్యాస్ స్ప్రింగుని అంత దూరాన పెట్టటానికి వీల్లేదు, అంత పొడుగు కడ్డీ వుండదు, మనిషి తిరగటానికి అడ్డం. కీలుకి 40 సెంటీమీటర్ల దూరంలో పెడితే, మీటరులో అయిదింట రెండు వంతుల దగ్గరకొచ్చాం కనుక తోపు రెండున్నర రెట్లు కావాలి, 100 కిలోలు. అటొకటీ ఇటొకటీ రెండు పెడితే ఒక్కొక్కదానికి 50. గొట్టం మీద న్యూటన్లలో రాస్తారు, కిలోల్ని పదితో హెచ్చవేస్తే ఇంచుమించు సరిపోతుంది. 500 న్యూటన్లు. స్ప్రింగు నిటారుగా కాక ఏటవాలుగా వుంటుంది కాబట్టి అందులో కొంత తోపు వృథా అవుతుంది. అది పోగా మిగిలిన లోటు చేత్తో తొయ్యాల్సిందే.

లోటు లేకుండా యింకా బలమైనవే పెట్టెయ్యవచ్చుగా అన్నాను. అక్కడే వుందిట కిటుకు. ఫైబర్‌గ్లాసు కప్పు అది. మరీ బలమైనవి పెడితే మూసివున్నప్పుడు రాత్రింబవళ్ళూ నెడుతూనే వుంటాయి. కప్పు వంకర తిరుగుతుంది, కొక్కెం మీద భారం పడుతుంది. వంద కిలోమీటర్ల వేగంతో పోతుండగా కొక్కెం వూడితే ఇంకేముంది! పైగా లేవటం ఒక్కటే కాదు, దాన్ని కిందికి లాగి మూసుకోవాలి కూడా. లేపగలిగి మూయలేకపోతే బండి అక్కడే వుండిపోతుంది. అందుకని కప్పు ముందువైపు లోపల లాగటానికి ఒక గట్టి పట్టీ కుట్టి పెట్టింది. కొక్కెం కొత్తది వేసింది. ముందు కొక్కెం, తర్వాతే స్ప్రింగులు.

బిగించటానికి ఒక శనివారం పట్టింది. కప్పుని పూర్తిగా లేపి (పెద్దకొడుకు లేపాడు, మాట్లాడకుండా), లావుపాటి కర్ర నిలబెట్టి ఆనించారు. స్ప్రింగు రెండు చివరలా గుండ్రటి గిన్నెల్లాంటివి వుంటాయి, బంతి తల వున్న బోల్టుల మీద టక్కున కూర్చుంటాయి. ఆ బంతి వల్ల కప్పు లేచేకొద్దీ గొట్టం తనంతట తనే తిరుగుతుంది, ఎక్కడా ఒరుసుకోదు. ఫైబర్‌గ్లాసుకి వూరికే బెజ్జం వేసి బోల్టు బిగిస్తే యాభై కిలోల తోపుకి చీలిపోతుంది కనుక వెనక అరచేతి వెడల్పు ఇనపరేకు వేసి, భారం పంచి, వాన నీళ్ళు దిగకుండా చుట్టూ సీలెంటు పూశారు. ఒక చివర గోడకి, ఒక చివర కప్పుకి. మూసినప్పుడు కడ్డీవైపు కిందికి వుండేలా చూసుకోవాలి, లేకపోతే నూనె వెనక్కి పోయి సీలు ఎండిపోయి గాలి జారిపోతుంది. కర్ర తియ్యకుండానే రెండోది కూడా బిగించి, అప్పుడు కర్ర తీసి, చేత్తో పట్టుకుని అంగుళం అంగుళంగా దించుతూ కాన్వాసు ఎక్కడా చిక్కుకోలేదని చూసుకున్నారు.

ఇందులో వదినకి నచ్చనిది ఒకటుంది. కప్పు పూర్తిగా మూసివున్నప్పుడు స్ప్రింగు దాదాపు అడ్డంగా పడుకుని వుంటుంది. అప్పుడు దాని తోపులో చాలాభాగం పైకి పోదు, పక్కకి పోతుంది. కప్పు బరువు మాత్రం అప్పుడే పూర్తిగా తెలిసేది. అంటే మనిషికి సాయం ఎక్కువ కావలసిన చోటే సాయం తక్కువ! మొదటి జానెడు తనే తొయ్యాలి. అది దాటిందా, మెల్లిగా తనే అందుకుని తీసుకుపోతుంది. "మొదటి జానెడూ మోకాళ్ళు వంచి భుజంతో తోస్తాను, చేతులతో కాదు," అంది. నాకు ఫోనులోనే ఆ భుజం కనిపించింది.

2003 నుంచి ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ వెస్ట్‌ఫాలియాకి ఇవ్వకుండా తనే కాలిఫోర్నియా అనే పేరుతో యిలాంటి బళ్ళు తయారుచేస్తోంది. ఖరీదైన రకాల్లో బటన్ నొక్కితే కప్పు లేస్తుంది. అది నిజంగానే హైడ్రాలిక్, కరెంటు పంపుతో. కొనిస్తామని పిల్లలన్నారు. వదిన వద్దంది.

మన మంచాల సంగతి కూడా చెప్పాలి. స్ప్రింగులకి ఆయుర్దాయం వుంది. సీలునుంచి ఏళ్ళతరబడి కొద్దికొద్దిగా గాలి పోతూనే వుంటుంది. ఎత్తిన పరుపు నిలబడకుండా మెల్లిగా దిగుతుంటే చీర వెతుకుతూ తల లోపల పెట్టకండి, ముందు జత మార్పించండి. ఒక్కటే మారిస్తే ఒకటి బలంగా ఒకటి నీరసంగా తోసి చట్రం మెలి తిరుగుతుంది. తీసేసిన దాన్ని పాతసామాన్లవాడికి వేసేటప్పుడు, అందులో ఇంకా ఒత్తిడి వుంటుందనీ, కొయ్యొద్దనీ, మంటలో వెయ్యొద్దనీ చెప్పండి.

వదిన బండిలో అవి బిగించి మూడేళ్ళు దాటింది. చలికాలం పొద్దున్నే కప్పు కాస్త బద్ధకిస్తుందిట. చలికి లోపలి గాలి ఒత్తిడి తగ్గుతుంది, 20 డిగ్రీలనుంచి సున్నాకి దిగితే నూటికి ఏడు పాళ్ళు. అలాంటప్పుడు కాసేపు హీటరు వేసి, ఫ్లాస్కులో కాఫీ తాగి, అప్పుడు భుజం పెడుతుంది. కిందటి సెప్టెంబరులో తీరం వెంట పదకొండు రోజులు ఒక్కతే తిరిగొచ్చింది. కొత్త జత ఒకటి ముందుగానే కొని, పాతగుడ్డలో చుట్టి, వెనక సీటు కింద పెట్టుకుంది.